గోదావరి గాథ – 12వ భాగం: నాగపూరు పత్తికి సముద్రం దారి

పోయిన భాగంలో ధవళేశ్వరం దగ్గర ఆగాం. నందన కరువులో చితికిపోయిన గోదావరి జిల్లా, 1847లో మొదలై 1852 నాటికి నిలబడిన ఆనకట్ట, ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే దాని నాలుగు భాగాలు, వాటి నుంచి కాలువల్లోకి మళ్ళిన నీరు డెల్టాకు అన్నం పెట్టిన తీరు చెప్పుకున్నాం. ఆ కాలువలు పొలాలకు నీళ్ళే కాదు, ఊళ్ళకు పడవల దారి కూడా ఇచ్చాయని చివర్లో అన్నాను. ఈసారి ఆ పడవ ముక్కును ఎగువకు తిప్పుదాం.

ఆ ఆనకట్ట కట్టించిన ఇంజనీరు ఆర్థర్ కాటన్ కాలువలను పొలం పనికి మాత్రమే తవ్వించలేదు. నీటి మీద సరుకు నడిస్తే ఎడ్ల మీద నడిచిన దానికంటే ఎన్నో రెట్లు చవక అన్నది ఆయన జీవితమంతా పట్టుకు వేలాడిన నమ్మకం. ధవళేశ్వరం లాకు దాటిన పడవ కాలువ వెంట కాకినాడకు చేరుతుంది. అదే లాకు దగ్గర నిలబడి వెనక్కి చూస్తే ఎదురుగా కనిపించేది కిలోమీటర్ల వెడల్పున్న అఖండ గోదావరి. ఆ నీరు ఎక్కడి నుంచి వస్తోంది? పాపికొండల వెనక నుంచి. దానికీ వెనక భద్రాచలం, ఇంకా వెనక కాళేశ్వరం, అక్కడ వచ్చి కలిసే ప్రాణహిత. ప్రాణహిత అంటే వార్ధా, వైన్‌గంగల కలయిక. వార్ధా వెంట పోతే నాగపూరు, బీరారు. అంటే కాకినాడ రేవులో ఓడను తాకే నీటి దారి, మన దేశపు నడిబొడ్డున ఉన్న నల్లరేగడి పత్తి చేల వరకూ తెగకుండా పోతుందన్నమాట. దీన్ని చూసి కూడా ఊరుకోవడం కాటన్ లాంటి మనిషికి సాధ్యమయ్యే పని కాదు.

ఆ పత్తి చేల సంగతి కాస్త చెప్పాలి. 1853లో నిజాము తన బాకీల కింద బీరారును ఇంగ్లీషువాళ్ళ చేతిలో పెట్టాల్సి వచ్చింది. ఆ ఏడు చివర్లోనే నాగపూరు భోంస్లే రాజు మూడో రఘోజీ వారసుడు లేకుండా కన్నుమూశాడు. 1854లో గవర్నర్ జనరల్ డల్హౌసీ ఆ రాజ్యాన్ని కలిపేసుకున్నాడు. రెండేళ్ళలో దేశంలోకెల్లా మంచి పత్తి నేల కంపెనీ ఒడిలో పడింది. హింగన్‌ఘాట్ పత్తి అంటే పొడుగు పోగుకు పేరు. కానీ ఆ నేలకు సముద్రం లేదు. పడమట బొంబాయికి పోవాలంటే సహ్యాద్రి ఘాట్లు దిగాలి. తూర్పున అడవులు, కొండలు. అందుకని చాలా పత్తి ఎడ్ల మీద ఉత్తరాన గంగ ఒడ్డున మీర్జాపూరు దాకా పోయి, అక్కడ పడవ ఎక్కి కలకత్తా చేరేది. ఎనిమిది వందల కిలోమీటర్ల నేలదారి, తర్వాత అంతకు మించిన నీటిదారి.

ఈ మోత మోసింది లంబాడీలు. వందల, వేల ఎద్దులు ఒక్కో బిడారులో. ముందు నడిచే ఎద్దు మెడలో గంటలు, కొమ్ములకు గవ్వల అలంకారం, వెనక ఆడవాళ్ళు, పిల్లలు, కుక్కలు, మొత్తం ఊరే కదిలినట్టు. వాళ్ళు ఉత్తచేతులతో తిరిగిన వాళ్ళు కారు. కోస్తా ఉప్పళ్ళ నుంచి ఉప్పెత్తుకుని లోపలి దేశానికి, అక్కడి నుంచి గింజలు, పత్తి ఎత్తుకుని తిరిగి కోస్తాకు. కోస్తా ఉప్పు నాగపూరు వంటింటికి చేరిందంటే వాళ్ళ కాళ్ళ పుణ్యమే. అయితే పత్తి ఉప్పులా కాదు. దూది తేలిక, చోటు ఎక్కువ ఆక్రమిస్తుంది. దారిలో వాన పడితే తడిసి బరువెక్కుతుంది, దుమ్ము పట్టి రంగు మారుతుంది. వెనక నడిచే ఎద్దు ముందుదాని మూట పీకి నమిలేది. మాంచెస్టరు మిల్లుకు చేరేసరికి హింగన్‌ఘాట్ దూది పరువు సగం పోయేది. తప్పు రైతుది కాదు, దారిది.

కాటన్ లెక్క ఇక్కడ మొదలైంది. మీర్జాపూరు దారి వదిలేసి అదే పత్తిని వార్ధా ఒడ్డున పడవకెక్కిస్తే? ప్రవాహంతో పాటే దిగుతుంది కాబట్టి తెడ్డు వేసే శ్రమ కూడా తక్కువ. తిరుగు ప్రయాణంలో ఉప్పు, బియ్యం, ఇనుము. పాపికొండల్లో దూరి, పోలవరం దాటి, సాగరం చేరే నీటికి దారి అడగాల్సిన పని లేదు, అది ఎప్పుడో తవ్వుకుంది.

అయితే నది ఏం చెబుతుందో వినాలి కదా. ఆ పని మద్రాసు ఇంజనీర్లలో ఒక యువకుడికి అప్పగించారు. పేరు హేగ్. ఎగువ గోదావరిని, దాని ఉపనదులను కొలిచి, పడవలకు పనికొస్తుందా లేదా అన్న నివేదికను ఆయన 1856లో ఇచ్చాడు. ఆ నివేదిక సారం గోదావరి మనిషికి ఇప్పటికీ అర్థమవుతుంది. నది పొడుగునా కష్టం లేదు. మూడే మూడు చోట్ల ఉంది. మొదటిది భద్రాచలం ఎగువన దుమ్ముగూడెం. రెండోది ఇంద్రావతి కలిసే తావుకు దగ్గర్లో ఇచ్చంపల్లి. మూడోది ప్రాణహిత మీద, అహేరి దగ్గర దేవలమర్రి. ఈ మూడు చోట్లా నది అడుగున రాతి పలకలు మైళ్ళ తరబడి అడ్డం పడుకుని ఉన్నాయి. వరదలో వాటి మీద నీరు మరుగుతుంది. వేసవిలో నది చీలికలై ఆ రాళ్ళ సందుల్లోంచి జారుతుంది. పడవ ఈ రెండు కాలాల్లోనూ పనికిరాదు. వీటిని ఇంగ్లీషు కాగితాల్లో మొదటి, రెండో, మూడో బారియర్ అని పిలిచారు. ఈ మూడు అడ్డంకుల మధ్య మాత్రం పదుల మైళ్ళ పొడవున నీరు ప్రశాంతంగా, లోతుగా సాగుతుంది.

విరుగుడు డెల్టాలో తెలిసిందే. రాళ్ళ పైన, అంటే ఎగువన, ఒక ఆనకట్ట. దాని వెనక నీటి మట్టం పెరిగితే, నది పక్కన గట్టులో ఒక కాలువ తవ్వి పడవను రాళ్ళకు పక్కనుంచి మళ్ళించవచ్చు. ఆ కాలువ దిగువన మళ్ళీ నదిలో కలిసే చోట నీటి మట్టాలు వేరు కాబట్టి మధ్యలో లాకులు. లాకు అంటే చెప్పేదేముంది, డెల్టా పిల్లలకు తెలియనిది కాదు. రెండు జతల తలుపుల మధ్య రాతి గది. పడవ లోపలికి రాగానే వెనక తలుపు మూసి, ముందు గేటులోంచి నీళ్ళు వదిలితే పడవ నెమ్మదిగా కిందికి దిగుతుంది, లేదా పైకి తేలుతుంది. ఇది మూడు చోట్ల చేస్తే సముద్రం నుంచి వార్ధా వరకూ అడ్డు లేని దారి. కాగితం మీద ఇంత సులువు.

కాగితం మీద లేనిది ఆ దేశపు పరిస్థితి. గోదావరి ఎడమ గట్టున భద్రాచలం నుంచి సిరొంచ వరకు నిజాము ఇలాకా. దాన్ని జమీందార్లు, వాళ్ళు పెట్టుకున్న రోహిల్లా సిపాయిలు పంచుకుని తింటున్నారు. జీతం లేని సిపాయి ఊరి మీద పడి తినడం ఆ రోజుల్లో వింత కాదు. రేవు రేవుకూ సుంకం. ఒక పడవ రాజమహేంద్రవరం చేరేలోపు ఎన్ని చేతుల్లో పైసలు పోయాలో సరంగుకే తెలుసు.

ఆ మధ్యలోనే 1858. దేవలమర్రి వైపు, ప్రాణహిత ఒడ్డున, గోండు యువ జమీందారు బాబూరావ్ షెడ్మాకే తిరగబడ్డాడు. ఏప్రిల్ నెలాఖర్లో ఆయన మనుషులు చించ్‌గొండి దగ్గర టెలిగ్రాఫ్ పనికి వచ్చిన ఇద్దరు ఇంగ్లీషు ఉద్యోగులను చంపారు. అహేరి జమీందారిణి లక్ష్మీబాయి చివరికి బాబూరావును ప్రభుత్వానికి పట్టించింది. అక్టోబరులో చాందా జైలులో ఉరి తీశారు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, ఇంగ్లీషు ఇంజనీర్లు గీసిన పటాల్లో ఈ అడవి ఖాళీగా కనిపిస్తుంది. అక్కడ మనుషులున్నారని, వాళ్ళకు తమదంటూ ఒక నేల ఉందని ఆ పటం చూసినవాడికి తెలియదు. గోండులకు, కోయలకు మాత్రం తెలుసు.

రాతి కంటే ముందు రాజకీయం తొలగాలని 1860 కల్లా కలకత్తాకు అర్థమైంది. 1857లో హైదరాబాదు ఇంగ్లీషువాళ్ళ పక్కన నిలబడింది. నిజాము అఫ్జలుద్దౌలా, దివాను సాలార్‌జంగు చేసిన మేలుకు ప్రతిఫలం ఇవ్వాల్సిన సమయం వచ్చింది. డిసెంబరు 1860లో కుదిరిన ఒప్పందంలో రాయచూరు దోఆబు, ధారాశివ్ ప్రాంతాలు నిజాముకు తిరిగి వచ్చాయి, సురపురం కలిసింది, 50 లక్షల బాకీ మాఫీ అయింది. బదులుగా నిజాము ఇచ్చింది చూడండి. గోదావరి ఎడమ గట్టున రాకపల్లి, భద్రాచలం, చెర్ల, ఆల్బాక, నూగూరు, సిరొంచ తాలూకాలు. అంతేకాదు, గోదావరి, దాని ఉపనదుల మీద పోయే సరుకుకు ఇరువైపుల వాళ్ళూ సుంకం వసూలు చేయకూడదని మాట.

ఆలోచించి చూస్తే ఇది మామూలు ఇచ్చిపుచ్చుకోవడం కాదు. పడవల కోసం ఒక రాజ్యం తన గట్టును వదులుకుంది. భద్రాచల రామయ్య గుడి, గోల్కొండ నవాబుల కాలం నుంచి హైదరాబాదు ఖజానాతో ముడిపడిన ఆ గుడి, రాత్రికి రాత్రి నదికి ఈవలి రాజ్యంలో పడింది. అవతల గట్టు బూర్గంపాడు నిజాముది. నడుమ నది. రెండు వైపులా అదే తెలుగు, అవే చుట్టరికాలు. పెళ్ళికి, సంతకు, శ్రీరామనవమికి పడవ దాటితే చేతిలో డబ్బు మారాలి: అక్కడ హాలీ సిక్కా, ఇక్కడ కల్దార్. కొత్త ఎగువ గోదావరి జిల్లాకు సిరొంచ ముఖ్యపట్టణం అయింది. అక్కడి డిప్యూటీ కమిషనరుగా వచ్చిన కెప్టెన్ గ్లాస్‌ఫర్డ్ బస్తరు రాజ్యం మీద రాసిన నివేదిక ఈ ప్రాంతపు చరిత్రకారులకు ఇప్పటికీ అక్కరకొస్తుంది.

ఇక పని. ముందు దుమ్ముగూడెం. రాజమహేంద్రవరం నుంచి నదిలో దాదాపు 200 కిలోమీటర్లు. దారిలో పాపికొండలు. ఆ ఇరుకులో రెండు వైపులా కొండలు నీళ్ళలోకి నేరుగా దిగుతాయి. తాడు పట్టి లాగుదామంటే కాలు మోపే గట్టు లేదు. గడ వేద్దామంటే అడుగు అందదు. గాలి కలిసొస్తే తెరచాప, రాకపోతే ఏదో ఒక కోనలో లంగరేసి గాలి కోసం కూర్చోవడం. పేరంటపల్లి, కొల్లూరు వైపు ఇప్పుడు లాంచీల్లో తిరిగే యాత్రికులు చూసే అందమంతా ఆ రోజు సరంగుకు గుండె దడ. వరద రోజుల్లో ఎర్రనీరు సుడులు తిరుగుతుంటే ఎగువకు పోవడం మాట అటుంచి, దిగువకు వచ్చే పడవను నిలపడమే గండం.

ఈ దారిన పోయినవి మనుషులు, సున్నం, ఇనుము, పనిముట్లు. అన్నిటికంటే ముఖ్యం, బియ్యం. దుమ్ముగూడెంలో వేల మందికి పని ఇస్తే వాళ్ళు ఏం తినాలి? కోయల పోడు పొలాల్లో పండేది కొండల వాళ్ళకే చాలదు. అందుకే పనివాడి అన్నం కూడా డెల్టా నుంచి పడవలో ఎక్కింది. ఆనకట్ట పెట్టిన అన్నం ఆనకట్ట కట్టే చోటికి పోయింది, మాటలో అలా కలిసిందని చెప్పడం లేదు, నిజంగానే అంతే జరిగింది.

రాళ్ళు, వరదలు, తిండి, ఇవన్నీ లెక్కకు అందేవి. అందనిది జ్వరం. మన్యం జ్వరం అని మనం పిలిచేది. వానలు వెనక్కి తగ్గి, చలి ఇంకా రాని రోజుల్లో అది ఊళ్ళకు ఊళ్ళను మంచాన పడేసేది. ఆ జ్వరం దోమ వల్ల వస్తుందని ప్రపంచంలో ఎవరికీ తెలియని కాలం అది. చెడ్డ గాలి, చెడ్డ నీరు అనుకున్నారు. కోస్తా నుంచి వచ్చిన కూలీ ఒక్క వర్షాకాలం చూశాక మళ్ళీ ఎంత డబ్బు ఇస్తామన్నా రాడు. వచ్చిన మేస్త్రీ మూడో నెలలో పడవెక్కేస్తాడు. ఇంజనీర్లూ అంతే, మంచాన పడి దిగువకు దిగడం, తేరుకుని మళ్ళీ ఎక్కడం. పని చేసే కాలం చలికాలం, వేసవిలో కొంత భాగం, అంతే. మళ్ళీ నది వచ్చేస్తుంది. ఎందరు ఆ గట్టున కన్నుమూశారో వాళ్ళ పేర్లు ఏ కాగితంలోనూ లేవు. ధవళేశ్వరం కూలీల గురించి పోయిన భాగంలో అన్నమాటే ఇక్కడా అనాలి. కట్టినవాళ్ళ కథ మనకు పైనుంచి కిందికి చూసిన వాళ్ళ మాటల్లోనే దొరుకుతుంది, అది నాకు మింగుడుపడని విషయం.

హేగ్ గురించి ఒక మాట. ఆయన ఇంజనీరుగానే ఆగిపోలేదు. మత విశ్వాసం గట్టిగా ఉన్న మనిషి. తన పనిచోట ఉన్న కోయలకు క్రైస్తవం చెప్పే వాళ్ళు కావాలని ఒత్తిడి చేశాడు. దుమ్ముగూడెంలో మిషను మొదలైంది. తర్వాతి కాలంలో అక్కడే ఉండి కోయల ఆచారాల గురించి, వాళ్ళ భాష గురించి రాసిన జాన్ కెయిన్ వ్యాసాలు ఆ దేశపు మనుషుల గురించి మనకు దొరికే తొలి వివరాల్లో ఉన్నాయి. పత్తి కోసం వచ్చిన పడవ ఇలా ఇంకేదో దింపి పోయింది.

ఇంతలో ప్రపంచం మారింది. 1861 ఏప్రిల్లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది. దక్షిణాది రేవులను ఉత్తరాది నౌకలు దిగ్బంధించాయి. లాంకషైరు మిల్లులకు ముఖ్యమైన పత్తి అక్కడి నుంచే. అది ఆగిపోయేసరికి మిల్లులు మూతపడ్డాయి, కూలీలు రోడ్డున పడ్డారు. 1857లోనే మాంచెస్టరు వ్యాపారులు కలిసి పత్తి సరఫరా సంఘం పెట్టుకుని, బ్రిటిషు ప్రభుత్వాన్ని గోదావరి పని త్వరగా కానిమ్మని పోరు పెడుతున్నారు. ఇప్పుడా పోరు కేకయింది. పత్తి ధర ఎన్నో రెట్లు పెరిగింది. మనదేశపు పత్తి, పొట్టి పోగని ఎప్పుడూ నొసలు చిట్లించే మిల్లు వాళ్ళు, దొరికితే చాలన్నారు. కాకినాడ రేవు కూడా ఆ రోజుల్లో పత్తితో కళకళలాడింది. పూడుకుపోతున్న కోరంగి రేవు పని కూడా కాకినాడకే వచ్చి చేరుతోంది. అంటే గోదావరి పథకానికి సరైన అదనులో సరైన గిరాకీ దొరికింది.

లండన్‌లో అయితే భారత వ్యవహారాల మంత్రి చార్లెస్ వుడ్ మాంచెస్టరు మాటకు తలూపే రకం కాదు. గోదావరి గురించి, పడమటి తీరాన కార్వారు రేవు గురించి మిల్లు యజమానులు అడిగినంత డబ్బు ఆయన ఇవ్వలేదు, ఇచ్చినంత వేగం వాళ్ళకు చాలలేదు. మరోవైపు నాగపూరులో ఒక ఉత్సాహవంతుడు దిగాడు. 1861లో మధ్య పరగణాలని కొత్త రాష్ట్రం ఏర్పడింది, 1862లో దానికి చీఫ్ కమిషనరుగా రిచర్డ్ టెంపుల్ వచ్చాడు. సముద్రం లేని రాష్ట్రానికి పాలకుడు కాబట్టి ఆయనకు గోదావరి కంటే ముఖ్యమైన విషయం ఏముంటుంది? నది గురించి స్వయంగా నివేదిక రాశాడు. పనుల అజమాయిషీ మద్రాసు నుంచి నాగపూరు వైపు జరిగింది. రెండు రాష్ట్రాల మధ్య బరువు ఎవరిది, లాభం ఎవరిది అనే లాగులాట మాత్రం ఆగలేదు. కాలువలు మద్రాసువి, పత్తి నాగపూరుది, రాళ్ళు ఇద్దరి మధ్య.

కాటన్ అప్పటికే పదవి విరమించి, 1861లో సర్ బిరుదు అందుకుని ఇంగ్లండులో ఉన్నాడు. అక్కడి నుంచే గోదావరి కోసం రాస్తూ, సభల్లో మాట్లాడుతూ వచ్చాడు. ఆయన పోట్లాట రైలు కంపెనీలతో. కారణం ఉంది. రైలు కంపెనీల వాటాదార్లకు మన ఖజానా ఏటా నూటికి 5 వంతున వడ్డీ హామీ ఇచ్చింది. రైలు లాభం తెచ్చినా తేకపోయినా ఆ వడ్డీ మన రైతు పన్నులోంచి పోవాల్సిందే. ఆ డబ్బులో ఓ పాలు నీటిదార్లకు ఇచ్చి చూడండి అన్నది కాటన్ వాదన. ఆ మాట నాకు న్యాయంగానే కనిపిస్తుంది. కానీ నది విషయంలో ఆయన ఒక్క సంగతి తేలికగా తీసుకున్నాడేమో అనిపిస్తుంది.

అది గోదావరి స్వభావం. త్రయంబకంలో అరేబియా సముద్రానికి అతి దగ్గరగా పుట్టి, దేశాన్ని అడ్డంగా దాటి తూర్పున బంగాళాఖాతంలో కలిసే ఈ నది, హిమాలయాల మంచు కరిగి నిండే గంగ వంటిది కాదు. వాన దీని తల్లి. జూన్ చివర నుంచి అక్టోబరు దాకా అదే రాజు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది, భద్రాచలం దగ్గర నీటిమట్టం 75 అడుగులు మించింది, మన ఇళ్ళలో ఇంకా ఆ ఏటి గుర్తులున్నాయి. అదే నది ఏప్రిల్లో ఇసుకతిన్నెల మధ్య పలచటి పాయలై పోతుంది. ఏడాదికి ఆరేడు నెలలే పడవకు నీరు. మిగతా నెలల్లో పడవ లంక మీద వెల్లకిలా. పత్తి ఎప్పుడు చేతికొస్తుంది? చలికాలం నడుమ. బళ్ళకెక్కి, గింజ తీసి, మూట కట్టి ఒడ్డుకు చేరేసరికి నీరు తగ్గుముఖం. కాటన్‌కు దీనికీ జవాబుంది: ఎగువన చెరువుల్లాంటి జలాశయాలు కట్టి వేసవిలో వదలాలని. అలాంటి జలాశయాలు కట్టడానికి ఇంకో వంద ఏళ్ళు పట్టింది, అవి కట్టింది పడవల కోసం కాదు.

1865 ఏప్రిల్లో అమెరికా యుద్ధం ముగిసింది. పత్తి ధర పడిపోయింది, బొంబాయిలో షేర్ల గాలిబుడగ పేలింది. మిల్లుల యజమానులకు పాత పత్తి మళ్ళీ దొరికింది. గోదావరి గురించి వాళ్ళు అరవడం తగ్గించారు. దీని కంటే పెద్ద దెబ్బ 1867 ఫిబ్రవరిలో పడింది. గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైలు నాగపూరు చేరింది. బొంబాయి నుంచి సహ్యాద్రి ఎక్కి, బీరారు పత్తి చేల నడుమ నుంచి నేరుగా. ఒక్కసారిగా నాగపూరుకు సముద్రం వచ్చింది, అది మాత్రం బంగాళాఖాతం కాదు. గోదావరి పుట్టిన వైపునే, అరేబియా తీరాన. మన నది దిగి వచ్చిన మొత్తం దారిని బొంబాయి రైలు వెనక్కి లాక్కుపోయింది.

రైలు వర్షాకాలం చూడదు, వేసవి చూడదు. జ్వరం వస్తే కూలీకి వస్తుంది కానీ పట్టాలకు రాదు. పత్తి వ్యాపారికి నేడు బేలు ఎక్కిస్తే ఎన్నో రోజున ఓడకు చేరుతుందో లెక్క తెలుస్తుంది. రైలు కిరాయి కాస్త ఎక్కువైనా ఆ ఖచ్చితానికి విలువ ఉంది. కాటన్ ఎంత వాదించినా ఈ విషయంలో వ్యాపారి మనసు ఆయనకు దక్కలేదు.

దుమ్ముగూడెంలో అప్పటికి చాలా పని జరిగింది: ఆనకట్ట, కాలువ, లాకు. ఇచ్చంపల్లి వైపు మొదలుపెట్టినవి మధ్యలో ఉన్నాయి. దేవలమర్రి ఇంకా దూరం. దాదాపు 70 లక్షల రూపాయలు అప్పటికే నీళ్ళలో ఉన్నాయి. 1871లో, మేయో వైస్రాయిగా ఉన్న కాలంలో, పనులు ఆపెయ్యమని ఆజ్ఞ వచ్చింది. ఆ మాట కూలీ గుడిసెలకు ఎలా చేరిందో ఎవరూ రాయలేదు. డెల్టా మనుషులు పడవలెక్కి దిగువకు పోయి ఉంటారు. పని ఉన్నన్నాళ్ళూ నాలుగు రూపాయలు ఆడిన ఊరు ఒక్కసారిగా చప్పబడి ఉంటుంది. కాటన్ ఓటమిని ఒప్పుకోలేదు. 1870ల్లో పార్లమెంటు సంఘాల ముందు కూర్చుని, ముసలితనంలో కూడా, నీటిదారి గురించే చెబుతూ వచ్చాడు.

దుమ్ముగూడెం వెళ్ళినవాళ్ళకు ఆ పాత ఆనకట్ట తెలుసు. కాటన్ దొర కట్ట అంటారు. దానికి కొద్ది దూరంలో ఈ మధ్య సీతమ్మ సాగర్ బ్యారేజీ పని మొదలైంది. అక్కడి రాళ్ళను చూస్తే ఒకటే అనిపిస్తుంది. పడవల కోసం గీసిన గీతలు పడవలు ఆగినా చెరగలేదు. 1860లో నిజాము చేతి నుంచి జారిన ఎడమ గట్టు, నూట యాభై ఏళ్ళుగా అటూ ఇటూ మారుతూనే ఉంది. పడవల పథకం ముగిసిన మూడేళ్ళకు, 1874లో, భద్రాచలం, రాకపల్లి మద్రాసు రాష్ట్రపు గోదావరి జిల్లాకు పోయాయి. ఆ తర్వాత తూర్పు గోదావరి. 1959లో ఖమ్మం జిల్లా. 2014లో రాష్ట్రం విడిపోగానే కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం, చివరికి భద్రాచలం చుట్టూ ఉన్న పల్లెలు కూడా మళ్ళీ ఆంధ్రకు, పట్టణం మాత్రం తెలంగాణలో. సిరొంచ ఇప్పుడు మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లాలో ఉంది, అక్కడి సంతలో ఇవాళ్టికీ తెలుగు వినిపిస్తుంది. కాకినాడకు పత్తి మోయడానికి విడదీసిన ఒక గట్టు, ఈ రోజు ఒక రైతు ఏ కలెక్టరాఫీసుకు పోవాలన్న ప్రశ్నలో బతికే ఉంది.

నది మీద పడవ దారి ఊసు కూడా పూర్తిగా పోలేదు. భద్రాచలం నుంచి రాజమహేంద్రవరం వరకు 171 కిలోమీటర్ల గోదావరిని 2008లో నాలుగో జాతీయ జలమార్గంలో చేర్చారు. సముద్రం లేని తెలంగాణకు ఓ నీటిదారి అన్న ఆలోచన మళ్ళీ పైకి తేలింది. అది ఎక్కడి దాకా పోతుందో చూడాల్సి ఉంది.

నాగపూరు పత్తి వెళ్ళిపోయినా నది మీద పొగ వదిలే స్టీమర్లు మాత్రం ఆగలేదు. కొండల వాళ్ళకు అవి త్వరలోనే ఇంకో రకంగా కనిపించాయి. 1879 మార్చిలో పాపికొండల వెనక, రంప దేశంలో, కల్లు గీసుకునే చెట్టు మీద వేసిన చిగురు పన్ను, కొండ ఊళ్ళ పెద్దలైన ముత్తాదార్ల కోపం కలిసి ఒక పితూరీ లేచింది. అదే నదిలో, పత్తి దిగాల్సిన దారి వెంట ఎగువకు సిపాయిలు ఎక్కారు. దేవీపట్నం రేవులో దిగిన ఆ సిపాయిల గురించీ, కొండ మీద నుంచి వాళ్ళను చూస్తున్న కారం తమ్మన్న దొర గురించీ వచ్చే భాగంలో.